వాసన దగ్గరికి పిల్లే రావాలి

గజ్జికి రాయడానికని పక్కింటి పిన్నిగారు మా గోడ పక్కన మొలిచిన కుప్పింటాకు మొక్కను వేళ్లతో సహా పీకారు. తొలకరి పడి పది రోజులైంది, నేల మెత్తగా ఉంది, మొక్క తేలిగ్గా చేతికొచ్చేసింది. ఆకులు తుంచుకుని, వేరున్న కాడను గట్టు మీద పడేసి ఆవిడ లోపలికి వెళ్లారు. అప్పటిదాకా అరుగు మీద కునుకు తీస్తున్న మా పిల్లి సున్నుండ కళ్లు తెరిచింది. నేరుగా వెళ్లి ఆ వేరుకి ముక్కు ఆనించింది. నోరు కొంచెం తెరిచి, పై పెదవి ముడిచి, ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎడమ చెంప, కుడి చెంప, గడ్డం, ఒకదాని తర్వాత ఒకటి వేరుకేసి రుద్దింది. చివరికి దాన్ని ముందుకాళ్లతో పొదివి పట్టుకుని వెల్లకిలా దొర్లింది. వీపంతా మట్టి. ఓ పది నిమిషాలకు లేచి, ఒళ్లు దులుపుకుని, వేరు వైపు మళ్లీ చూడకుండా వచ్చి అరుగెక్కి పడుకుంది.

మన వీధుల్లో, చెత్తకుప్పల పక్కన, గోడ పగుళ్లలో పెరిగే ఈ మొక్కను కొందరు పిప్పింటాకు అంటారు, కొందరు మురిపిండాకు అంటారు. తమిళంలో దీనికున్న పేర్లలో ఒకటి పూనైవణంగి, అంటే పిల్లి మొక్కేది. ఆ పేరు పెట్టినవాళ్లు మా సున్నుండ లాంటి పిల్లిని చూసే ఉంటారు. ఆ వేరులో ఐసోడైహైడ్రోనెపెటలాక్టోన్, ఐసోఇరిడోమిర్మెసిన్ అనే పదార్థాలున్నట్టు శాస్త్రజ్ఞులు తేల్చారు. పెట్ షాపుల్లో అమ్మే క్యాట్‌నిప్‌లో పిల్లుల్ని మురిపించే నెపెటలాక్టోన్‌కి ఇవి దగ్గరి చుట్టాలు.

కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు తరచు నన్ను అడుగుతుంటారు, పిల్లికి ఏ వాసనలు ఇష్టం, ఏవి కొనాలి అని. దానికి జవాబు చెబుతాను. కానీ కొనడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, అదే అన్నిటికన్నా ముఖ్యమైనది.

మొదట ఇల్లంతా ఓసారి వాసన చూడండి

మన శరీరంలోకి వెళ్లిన ఫినాల్ జాతి రసాయనాలకి మన కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, మూత్రంలో పంపించేస్తుంది. పిల్లి కాలేయానికి ఆ పని సరిగా చేతకాదు. అందుకు కావాల్సిన ఎంజైములలో ముఖ్యమైన ఒకదాని జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం మానేసింది. మనకు జ్వరం తగ్గించే ఒక్క పారాసెటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలిగేది ఇందువల్లే. దీనికి తోడు పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. గాలిలో తేలే నూనె తుంపరలు బొచ్చు మీద వాలితే అవన్నీ కడుపులోకే పోతాయి. మన ముక్కుకి హాయిగా అనిపించింది పిల్లికి విషం కావడానికి ఈ రెండూ చాలు.

అందుకే ఒక చీటీ, పెన్ను తీసుకుని గదిగదికీ తిరగండి.

బాత్‌రూమ్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. నాలుగేళ్ల కిందట వర్షాకాలంలో ఇల్లంతా ముక్కవాసన వస్తోందని ఫినాయిల్ చిక్కగా కలిపి నేల తుడిచాను. మా నల్లపిల్లి కాటుక ఆ తడి మీద నడిచి వెళ్లి, కిటికీలో కూర్చుని తీరిగ్గా పాదాలు నాక్కుంది. నేను చూశాను, పట్టించుకోలేదు. గంటలో దాని నోట్లోంచి చొంగ తీగల్లా కారడం మొదలైంది, వెనక్కాళ్లు తూలుతున్నాయి. డాక్టరుగారు పాదాలు కడిగించి, సెలైన్ ఎక్కించి, రెండు రోజులు దగ్గరే ఉంచుకున్నారు. బతికింది. ఫినాయిల్ వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. ఇప్పుడు మా ఇంట్లో నేలకి మామూలు సబ్బునీళ్లే. మరుగుదొడ్డిలో ఘాటైన క్లీనర్ తప్పనిసరైతే తలుపు మూసి, నీళ్లు కొట్టి, పూర్తిగా ఆరాకే తెరుస్తాం. బ్లీచింగ్ విషయంలో మరీ జాగ్రత్త. కొన్ని పిల్లులకి ఆ క్లోరిన్ వాసన భలే ఇష్టం, వెళ్లి దాని మీద దొర్లుతాయి. ఇష్టపడ్డది కదా, ఏం కాదులే అనుకోకూడదు.

తర్వాత పూజగది. కర్పూరం పిల్లికి విషం. హారతి మానేయమని నేననను. డబ్బా మూత బిగించి పైఅరలో పెట్టండి, హారతి ఇచ్చేటప్పుడు పిల్లిని వేరే గదిలో ఉంచి కిటికీ తెరవండి. సాంబ్రాణి, అగరుబత్తి పొగ కూడా అంతే. ఆయాసం ఉన్న పిల్లయితే ఆ పొగ అసలు తగలనివ్వకండి.

బీరువాలో నాఫ్తలీన్ ఉండలుంటే ఇవాళే తీసేయండి. పట్టుచీరల అర పిల్లికి పరుపులాంటిది. మీరు బీరువా తలుపు ఓరగా వదిలిన రోజున అది వెళ్లి అక్కడే పడుకుంటుంది, ఉండ కనబడితే కాలితో తన్ని ఆడుకుంటుంది. మిగతావి గబగబా రాసుకోండి: తలగడ పక్కనుండే తలనొప్పి బామ్, జలుబుకి ఆవిరి పట్టే నీలగిరి తైలం, టీ ట్రీ నూనె, లవంగ నూనె, దాల్చినచెక్క నూనె, పిప్పర్‌మింట్ నూనె, నిమ్మ నారింజ తొక్కల నూనెలు, నూనె చుక్కలు వేసి గదంతా పరిమళం పంచే డిఫ్యూజర్లు. కుక్కలకి గోమార్ల కోసం వేసే పెర్మెత్రిన్ చుక్కలు పొరపాటున కూడా పిల్లి మీద వేయకండి. వాసన సంగతి కాకపోయినా చెప్పక తప్పదు, ఆ ఒక్క పొరపాటుతో ఎన్నో పిల్లులు పోయాయి.

బొకేలో లిల్లీ పూలొస్తే గుమ్మంలోనే ఆపేయండి. పెద్ద రేకుల అసలు లిల్లీ జాతుల్లో ఆకు, పువ్వు, పుప్పొడి, చివరికి వేజులో నీళ్లు కూడా పిల్లి మూత్రపిండాల్ని రెండు మూడు రోజుల్లో పాడుచేస్తాయి. మన పూలకొట్టులో లిల్లీ అని పిలిచే నేలసంపెంగ ఆ జాతి కాదు. కానీ బొకేలో ఏది ఉందో ఖాయంగా తెలియకపోతే ఇంట్లోకి తేకపోవడమే నయం.

ఇదంతా ఒక ఆదివారం పని. ఇది పూర్తిచేయకుండా క్యాట్‌నిప్ కొనకండి.

పిల్లికి అన్నిటికన్నా ఇష్టమైనది తన వాసనే

పిల్లి మీ కాళ్లకి, సోఫా అంచుకి, తలుపు చెక్కకి చెంప రుద్దేది ముద్దు కోసమే కాదు. దాని చెంపల్లో, గడ్డం కింద ఉన్న గ్రంథులు ఒక వాసన వదులుతాయి, మన ముక్కుకి అది తెలియదు. అది ఉన్నచోట పిల్లికి తన ఊళ్లో ఉన్నంత ధైర్యం. కొత్త ఇంటికి మారినప్పుడు పిల్లి మంచం కిందికి దూరిపోయేది అక్కడ ఆ గుర్తులేవీ లేకపోవడం వల్లే.

కాబట్టి ఇలా చేయండి. పిల్లి పడుకునే దుప్పట్లు అన్నీ ఒకేరోజు ఉతకొద్దు, ఒకటి ఉతికితే ఒకటి మిగల్చండి. మెత్తటి నూలుగుడ్డ తీసుకుని, పిల్లి కులాసాగా ఉన్నప్పుడు దాని చెంపల మీద మెల్లగా రాయండి. ఆ గుడ్డను కొత్త గదిలో పిల్లి ముక్కు ఎత్తున గోడ మూలలకి, కుర్చీ కాళ్లకి తుడవండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే బుట్టలో అదే గుడ్డ పరవండి, దాని పక్కన మీరు ఒకరోజు తొడుక్కుని విప్పిన పాత చొక్కా ఒకటి పెట్టండి. రెండో పిల్లిని తెస్తుంటే రెండూ ఎదురుపడకముందే ఒకదాని గుడ్డను ఇంకోదాని గిన్నె పక్కన పెట్టండి. మొదటిరోజు బుసకొట్టొచ్చు. నాలుగైదు రోజులకి ఆ గుడ్డ మీదే కూర్చుని తినేస్తుంది. అప్పుడు తలుపు తెరవొచ్చు.

ఈ చెంప వాసనకి నకలు తయారుచేసి ప్లగ్‌కి పెట్టే సీసాల్లో అమ్ముతారు. అవి పరిమళ తైలాలు కావు, వాటికీ డిఫ్యూజర్లకీ పోలిక పెట్టకండి. కొన్ని పిల్లుల్లో బాగానే పనిచేస్తాయి. కానీ నాకు తెలిసినంతలో నూలుగుడ్డ ఖర్చులేనిది, ముందు అదే ప్రయత్నించండి.

గిన్నెలోంచి వచ్చే వాసన

పిల్లికి తీపి రుచి తెలియదు. అది తిండిని ఎంచుకునేది ముక్కుతో. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన పిల్లి తిండి మానేయడం ఇందుకే. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి తిండికి వాసన అంతగా ఉండదు. గోరువెచ్చగా చేయండి, పిల్లి ఒంటి వేడంత, అంటే దాదాపు 38 డిగ్రీలు. మీ మణికట్టు మీద చుక్క వేస్తే వేడి అనిపించకూడదు, చల్లగానూ ఉండకూడదు. ఉడికించిన కోడి, చేప నీళ్లు ఓ చెంచా పైన పోస్తే వాసన లేచి వస్తుంది. ఆ నీళ్లలో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఎండు నెత్తళ్ల వాసనకి పిల్లి ప్రాణం పెడుతుంది కానీ వాటిలో ఉప్పు చాలా ఎక్కువ, పెట్టకపోవడమే మంచిది. ఎంత వెచ్చజేసి పెట్టినా రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకి చూపించండి. రోజుల తరబడి పస్తున్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది.

క్యాట్‌నిప్ పెట్టే పద్ధతి

క్యాట్‌నిప్ పుదీనా కుటుంబపు మొక్క, మన కూరల పుదీనా మాత్రం కాదు. బజారు పుదీనా కట్ట తెచ్చి పిల్లి ముందు పెట్టకండి, ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది. ఎండబెట్టిన క్యాట్‌నిప్ ఆకు చిన్న పొట్లాల్లో దొరుకుతుంది, అదే కొనండి. క్యాట్‌నిప్ నూనె, ఘాటైన స్ప్రేలు కొత్తవాళ్లకి అక్కర్లేదు. కుండీలో పెంచాలనుకుంటే చలికాలం మొదట్లో విత్తనం వేయండి, మన ఎండలు దానికి పడవు.

పిల్లికి ఆరు నెలలు నిండాయా చూడండి. మూడు నెలల లోపు కూనలకి ఈ వాసన పట్టదు. కడుపుతో ఉన్న పిల్లికి పెట్టొద్దు. ఒకరోజు సాయంత్రం ఇల్లు సద్దుమణిగాక, పిల్లి తిని రెండు గంటలైనాక, రెండు వేళ్ల మధ్య పట్టేంత ఆకు తీసుకోండి. అరచేతిలో ఓసారి నలిపితే వాసన విచ్చుకుంటుంది. పాత మేజోడులో వేసి ముడి వేయండి. ఆ మేజోడును గది మధ్యలో నేల మీద పెట్టి మీరు దూరంగా జరగండి. తలుపు తెరిచే ఉంచండి.

నేను అందరికీ పట్టుబట్టి చెప్పేది ఇదే. వాసన దగ్గరికి పిల్లే రావాలి. మేజోడు తీసుకెళ్లి దాని ముక్కు కింద ఆడించకండి, మంచానికి పూయకండి, గదంతా చల్లకండి. నచ్చకపోతే లేచి వెళ్లిపోయే దారి దానికుండాలి. డిఫ్యూజర్ మీద నాకున్న కోపమంతా ఇందుకే. గాలంతా నిండిన వాసన నుంచి పిల్లి ఎక్కడికి పోతుంది?

నచ్చితే మీకే తెలుస్తుంది. నాకుతుంది, నములుతుంది, తల విదిలిస్తుంది, చెంప రుద్దుతుంది, దొర్లుతుంది, వెనక్కాళ్లతో మేజోడును తంతుంది. కొంచెం చొంగ కారడం మామూలే. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో ఆ ఊపు తగ్గిపోతుంది. ఆ తర్వాత ఓ గంటదాకా మళ్లీ పెట్టినా పట్టించుకోదు, పెట్టి లాభం లేదు. మేజోడు తీసి గాజుసీసాలో వేసి మూత బిగించి, పిల్లికి అందని చోట పెట్టండి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. రోజూ ఎదురుగా పడి ఉంటే ఆ వాసనకి అలవాటుపడి మోజు పోతుంది. రెండు పిల్లులుంటే రెండు గదుల్లో రెండు మేజోళ్లు పెట్టండి. ఆ ఊపులో ఒకటి ఇంకోదాని మీద పంజా విసరొచ్చు.

ఏమీ చేయకపోతే? పిల్లిలో లోపం లేదు. ఈ స్పందన పుట్టుకతో వచ్చేది, ప్రతి మూడింటిలో ఒకదానికి ఉండదు. మా కాటుక ఆ మేజోడు మీద నుంచి దాటి వెళ్లి నీళ్లు తాగింది. అలాంటి పిల్లికి సిల్వర్ వైన్ ప్రయత్నించొచ్చు. జపాన్‌లో మటటాబి అంటారు, ఎండిన పుల్లలుగా, పొడిగా వస్తుంది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో 100 పిల్లులకి చూపిస్తే దాదాపు 80 దీనికి స్పందించాయి. క్యాట్‌నిప్‌ని పట్టించుకోని వాటిలో కూడా నాలుగింట మూడు వంతులు మటటాబి దగ్గర దొర్లాయి. కాటుక కూడా అంతే. పుల్లలు కొరికి ముక్కలు మింగకుండా మీరు ఎదురుగా కూర్చోవాలి.

ఇది మత్తుమందు కాదా, అలవాటైపోదా అని కొందరు భయపడతారు. జపాన్‌లోని ఇవాటె విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో చూపించిందేమిటంటే, ఈ వాసనకి పిల్లి ఒంట్లో సొంతంగా ఊరే ఎండార్ఫిన్లే ఆ హాయినిస్తాయి. బయటి మందేదీ లోపలికి వెళ్లి చేసే పని కాదది. అదే పరిశోధనలో ఇంకో సంగతి తెలిసింది. మటటాబిలోని నెపెటలాక్టాల్‌ని ముఖానికి, తలకి రుద్దుకున్న పిల్లి మీద దోమలు తక్కువగా వాలాయి. గోదావరి ఒడ్డున దోమల మధ్య బతికే నాకు ఈ మాట చదివిన రోజు ఎంతో ముచ్చటేసింది. వేరు మీద సున్నుండ చెంపలు రుద్దింది ఉత్త సరదాకే కాదేమో అనిపించింది.

కుప్పింటి వేరు ఎలా చూపించాలి

క్యాట్‌నిప్ అలవాటయ్యాకే దీని జోలికి రండి. మొక్కను ముందు సరిగ్గా గుర్తుపట్టాలి. సాధారణంగా మోకాలెత్తు దాకా పెరుగుతుంది, ఆకు అంచులు రంపంపళ్లలా ఉంటాయి, కింది ఆకులకి కాడలు పొడుగ్గా ఉంటాయి, నిలువుగా లేచిన కంకి మీద చిన్న చిన్న ఆకుపచ్చ గిన్నెల్లాంటివి పేర్చినట్టుంటాయి. ఖాయంగా తెలియకపోతే తెలిసిన పెద్దవాళ్లకి చూపించండి. రోడ్డు పక్కది, కలుపుమందు కొట్టే చోటిది, కుక్కలు తిరిగే చోటిది వద్దు. మీ పెరట్లో, మీకు తెలిసిన నేలలోదే తీయండి.

పిల్లిని రప్పించేది వేరే. పీకిన వెంటనే వాసన బలంగా ఉంటుంది. ఆకులు, కంకులు తుంచి పారేసి, వేరును నీళ్లలో మట్టి పోయేదాకా కడిగి, తడి తుడిచి, మందపాటి గుడ్డలో రెండు చుట్లు చుట్టి దారంతో గట్టిగా కట్టండి. గుడ్డ ఎందుకంటే, ఈ మొక్కలో అకాలిఫిన్ అనే సైనైడ్ పుట్టించగల పదార్థం ఉంది. వాసన చూడొచ్చు, నమిలి మింగకూడదు. ఆ రోజు సున్నుండ ఉత్త వేరును పట్టుకుని దొర్లుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను, ఇప్పుడైతే నిలబడను. పది నిమిషాలు దాటనివ్వకుండా మూట తీసేయండి, తర్వాత మూతున్న చెత్తబుట్టలో పారేయండి. మనుషులు కూడా ఈ ఆకు పసరు లోపలికి తీసుకోకూడదు. జి6పిడి లోపం ఉన్నవాళ్లకి ఎర్రరక్తకణాలు పగిలిపోయిన కేసులున్నాయి.

ఏదో ఒకటి నమలకుండా ఉండలేని పిల్లయితే గోధుమ గడ్డి వేసి పెట్టండి. గుప్పెడు గోధుమలు రాత్రి నానబెట్టి, మర్నాడు వెడల్పాటి గిన్నెలో మట్టి మీద చల్లి తడుపుతుంటే వారం పది రోజుల్లో జానెడు లేస్తుంది. కొరుక్కోవడానికి అదుంటే మూట జోలికి అంతగా పోదు.

తేడా కనిపిస్తే

దొర్లడం, చెంప రుద్దడం ఆనందం. నోట్లోంచి ఆగకుండా చొంగ కారడం, తూలడం, వణకడం, వాంతులు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఒళ్లు చల్లబడటం ఆనందం కాదు. గదిలో ఏదైనా నూనె వాసన ఉంటే ముందు పిల్లిని స్వచ్ఛమైన గాలిలోకి తీసుకురండి. బొచ్చు మీదో పాదాల మీదో నూనె, ఫినాయిల్ పడితే గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి కడిగి, తువ్వాలులో చుట్టి నాక్కోకుండా పట్టుకోండి. వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు, పాలు పోయకండి. ఏ సీసాలోది తగిలిందో ఆ సీసా కూడా పట్టుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. రాత్రిపూట తెరిచే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదుందో ఇవాళే కనుక్కుని, ఫోన్ నంబరు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. కాటుకకి అలా జరిగిన రోజు నేను నంబరు కోసం వెతుకుతూనే ఇరవై నిమిషాలు పోగొట్టాను.

ఈ ఏడు వానలకి మా గోడ పక్కన ఆరు కుప్పింటాకు మొక్కలు లేచాయి. పిన్నిగారిని నాలుగు తీసుకోమన్నాను. ఆకులు ఆవిడ తుంచుకుని వేళ్లు నాకిమ్మన్నాను. మిగతా రెండూ కంకి వేసి గింజ రాలేదాకా అలాగే ఉంటాయి. సున్నుండ రోజూ వాటి పక్కనుంచే నడిచి వెళుతుంది, వేరు మట్టిలో ఉన్నంతసేపు తలెత్తి కూడా చూడదు.